బిడ్డను చూపించడం మీద పేచీ: పెద్దమనుషులా, లోక్ అదాలతా, కోర్టు ఆర్డరా?

విడిపోయిన ఇంట్లో నగల గొడవ, సామాన్ల గొడవ ఎప్పటికో ఒకప్పటికి తేలిపోతాయి. ఆదివారం గొడవ మాత్రం బిడ్డకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా వారం వారం కొత్తగా మొదలవుతుంది. "పదింటికి పంపిస్తానన్నావు, పన్నెండయింది" అని ఆయన. "ఐదింటికి దించుతానన్నారు, తొమ్మిదయింది, ఫోన్ ఎత్తరు" అని ఆమె. ఎదుటి మనిషి సర్దుకుపోయే రకమైతే ఇలాంటివి రెండు మాటలతో పోతాయి. మాట మీద నిలబడని మనిషితో, ప్రతిదానికీ కయ్యానికి కాలుదువ్వే మనిషితో వేగాల్సి వచ్చినప్పుడే ఏర్పాటు ఎలా చేసుకున్నామన్నది ముఖ్యమవుతుంది. ఈ సలహా అలా వేగుతున్నవాళ్ళ కోసం. దారులు పోల్చేటప్పుడు కొలత ఒక్కటే పెట్టుకోండి: ఎదుటివాళ్ళ మంచితనం మీద ఆధారపడే మాట ఏర్పాటు రాసుకున్న కాగితంలో ఎన్ని చోట్ల ఉంది? ఎన్ని ఉంటే అన్ని గొడవలు.

పెద్దమనుషుల కాగితం

మన చిత్తూరు, తిరుపతి వైపు మొదట జరిగేది ఇదే. రెండు వైపుల పెద్దలు కూర్చుంటారు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద నాలుగు షరతులు రాస్తారు, సంతకాలవుతాయి, నోటరీ ముద్ర పడుతుంది. ఒక్క పూటలో పని అయిపోతుంది, ఖర్చూ తక్కువే. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉండి, కూర్చున్న పెద్దల్లో ఒక్కరి మాటకైనా ఎదుటివాళ్ళు వెరుస్తారనుకుంటే ఇది నడుస్తుంది.

మాట తప్పితే మాత్రం దీన్ని అమలు చేయించే దారి లేదు. ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళితే "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి" అంటారు. "బిడ్డ మీద నాకు ఏ హక్కూ లేదు", "మనోవర్తి అడగను, నువ్వు బిడ్డను చూపించమని అడగొద్దు" అని రాయించుకున్న వాక్యాలైతే కోర్టు ముందు నిలవవు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముందు. తల్లిదండ్రులు బిడ్డ తరఫున ఆ హక్కును బేరం పెట్టలేరు. అలాగని కాగితాన్ని చించేయకండి. ఫలానా తేదీన ఇద్దరూ దేనికి ఒప్పుకున్నారో చెప్పే సాక్ష్యంగా తర్వాత పనికొస్తుంది. పేచీకోరు మనిషితో దీన్ని కోర్టు ఆర్డర్ వచ్చేదాకా నడిపే తాత్కాలిక ఏర్పాటుగానే వాడుకోండి.

లోక్ అదాలత్

ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టగలిగితే రాజీతో తగాదా తేల్చే ఈ వేదికే అన్నిటికన్నా మంచి దారని మా అభిప్రాయం. చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, తిరుపతి కోర్టు ప్రాంగణంలో మండల న్యాయసేవా కమిటీ ఉంది. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టొచ్చు, నడుస్తున్న కేసునైనా అక్కడికి పంపించమని అడగొచ్చు. కోర్టు ఫీజు ఉండదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా అడ్వకేట్‌ను ఇస్తారు. మిగతా మగవాళ్ళకు సాధారణంగా ఆదాయ పరిమితి చూస్తారు. ఫోన్‌లో అడగాలంటే 15100.

రాజీ కుదిరి అవార్డు (రాజీ షరతులు రాసిన ఉత్తర్వు) వచ్చిందంటే అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. స్టాంపు కాగితానికీ దీనికీ తేడా ఇక్కడే: తప్పితే అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయొచ్చు. అయితే ఒక పక్షం రాకపోయినా, వచ్చి ఒప్పుకోకపోయినా లోక్ అదాలత్ తనంతట తాను ఏ తీర్పూ ఇవ్వదు. వాయిదాలు గడపడానికే వచ్చే మనుషులు ఉంటారు. రెండు సిట్టింగ్‌లకు ఒక్క షరతు కూడా తేలలేదంటే అక్కడితో ఆపి పిటిషన్ వేయండి. తొందరలో, "ఏదో ఒకటి రాసేయండి" అన్న ధోరణిలో అవార్డు రాయించుకోవడం ఇంకో ప్రమాదం. అప్పీలు లేని కాగితంలో గుడ్డి వాక్యం పడితే దాన్ని సరిచేయించడానికి మళ్ళీ కోర్టు మెట్లెక్కాలి.

కోర్టుకు వెళ్ళే తలుపులు మూడు

మొదటిది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. దీని కింద వేసే అసలు పిటిషన్‌ను కోర్టు భాషలో జీడబ్ల్యూఓపీ అంటారు. ఈ చట్టం అన్ని మతాల వాళ్ళకూ వర్తిస్తుంది. 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడి కోర్టులోనే వేయాలి. బెంగళూరులో కాపురం చేసి విడిపోయి, బిడ్డతో తల్లి తిరుపతి పుట్టింటికి వచ్చేసి ఇక్కడి స్కూల్లో చేర్పించిందంటే "మామూలుగా ఉండే చోటు" ఏదన్న దాని మీదే మొదటి ఏడాది వాదన నడవొచ్చు. స్టడీ సర్టిఫికెట్, టీకాల కార్డు, ఆధార్ చిరునామా అప్పుడు పనికొస్తాయి. ఆ అసలు పిటిషన్ తేలేదాకా ఆగక్కర్లేదు. 12వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోసం అదే రోజు ఐఏ (మధ్యంతర పిటిషన్) వేయించండి. నిజానికి చాలా కుటుంబాల్లో ఏళ్ళ తరబడి నడిచేది ఆ మధ్యంతర ఉత్తర్వే. అందుకే అందులోని ప్రతి మాటా తుది తీర్పు అన్నంత జాగ్రత్తగా చూసుకోవాలి.

రెండోది, విడాకుల కేసు ఇప్పటికే నడుస్తున్న హిందూ దంపతులకు హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్. అదే కేసులో బిడ్డ కస్టడీ, విజిటింగ్, చదువు ఖర్చు అన్నీ అడగొచ్చు. డిక్రీ అయిపోయాక కూడా పిటిషన్ వేసి మార్పులు కోరవచ్చు. పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్ళు ఇక్కడే ఎక్కువ పొరపాటు చేస్తారు: భరణం లెక్క పైసాతో సహా రాసి, బిడ్డ విషయానికి వచ్చేసరికి "తండ్రి వీలునుబట్టి చూడవచ్చు" అని ఒక్క ముక్కతో వదిలేస్తారు.

మూడోది 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్. కొట్టడం, బెదిరించడం ఉన్నచోట స్త్రీ మేజిస్ట్రేట్ ముందు డీవీసీ (గృహహింస కేసు) వేసి బిడ్డ తాత్కాలిక కస్టడీ అడగొచ్చు. తండ్రి ఎప్పుడు, ఎలా చూడాలో మేజిస్ట్రేట్ చెబుతారు. చూడటం వల్ల బిడ్డకు హాని అనిపిస్తే అసలు నిరాకరిస్తారు. రక్షణ ఉత్తర్వు కూడా ఉండి దాన్ని ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు గానీ, ఇరవై వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. భయం నిజంగా ఉన్నవాళ్ళకు ఇదే సరైన తలుపు. భయం లేకుండా ఒత్తిడి తేవడానికి వేస్తే మాత్రం మిగతా కేసుల్లో మీ మాట విలువ పడిపోతుంది. తండ్రి ఈ చట్టం కింద పిటిషన్ వేయలేడు, ఆయన మొదటి రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి.

ఐదేళ్ళ లోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. ఐదు నిండిన మర్నాడు బిడ్డ తండ్రికి వెళ్ళిపోతుందన్నది ఊళ్ళో మాట, చట్టం మాట కాదు. ఇంకోటి: కస్టడీ ఆర్డర్ రాతిమీద గీత కాదు. పరిస్థితి మారితే మార్చమని ఎప్పుడైనా అడగొచ్చని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది.

వేసవి సెలవుల్లో బిడ్డను తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మన స్కూళ్ళకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. సివిల్ కోర్టులకు మే నెలలో సెలవులు. ఏప్రిల్‌లో ఐఏ వేస్తే, ఎదుటివాళ్ళు కౌంటర్‌కు (జవాబు దాఖలుకు) ఒక్క వాయిదా తీసుకున్నా, ఆర్డర్ వచ్చేసరికి స్కూళ్ళు తెరుస్తారు. ఫిబ్రవరి దాటనివ్వకండి.

కాగితంలో ఏం రాయించుకోవాలి

ఏ తలుపు తట్టినా చివరికి మిగిలేది నాలుగైదు వాక్యాలే. "పరస్పర అంగీకారంతో నెలకు రెండుసార్లు చూడవచ్చు" అన్నది వినడానికి హుందాగా ఉంటుంది. అంగీకరించని మనిషితో దానికి అర్థం నెలకు సున్నా సార్లు. ఇలా రాయించి చూడండి:

"ప్రతి నెల రెండో, నాలుగో ఆదివారం ఉదయం 10 గంటలకు తల్లి గానీ అమ్మమ్మ గానీ ఫలానా చోట బిడ్డను తండ్రికి అప్పజెప్పాలి. 10.30 దాకా తండ్రి రాకపోతే ఆ రోజుకు విజిట్ రద్దు. సాయంత్రం 5 గంటలకు అదే చోట తిరిగి అప్పజెప్పాలి. బిడ్డకు ఒంట్లో బాగోలేకపోతే ముందు రోజు రాత్రి 8 లోపు డాక్టర్ చీటీ ఫొటోతో వాట్సాప్‌లో తెలపాలి. అలా పోయిన విజిట్ తర్వాతి ఆదివారం అవే వేళల్లో జరగాలి."

ఇందులో ప్రతి ముక్కకూ ఒక కారణం ఉంది. అమ్మమ్మ పేరు ఎందుకంటే, తల్లికి డ్యూటీ ఉన్న రోజున "నువ్వే రావాలి" అన్న పేచీ రాకుండా. అరగంట గడువు ఎందుకంటే, బెంగళూరు బస్సు ఆలస్యమైతే తండ్రికి కొంత వెసులుబాటు, బిడ్డ మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడకుండా ఒక హద్దు. సరిగ్గా రెండో ఆదివారమే బిడ్డకు జ్వరం వచ్చే ఇళ్ళు ఉంటాయి. బదులు విజిట్ తప్పదని రాసి ఉంటే ఆ జ్వరాలు తగ్గుముఖం పడతాయి.

దూరాన్ని బట్టి షెడ్యూల్ మారాలి. చిత్తూరు, తిరుపతి మధ్య 70 కిలోమీటర్లే కాబట్టి ఆదివారం ఏర్పాటు నడుస్తుంది. తండ్రి బెంగళూరులో ఉంటే 250 కిలోమీటర్ల దరిదాపు. నెలకు రెండు ఆదివారాలకన్నా, నెలకు ఒకసారి శనివారం స్కూలు వదిలినప్పటి నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఇస్తే ఇద్దరికీ నయం. చంటిపిల్లలకు ఇది తిరగబడుతుంది: మూడేళ్ళ లోపు వాళ్ళు తక్కువసేపు, తరచుగా చూసుకుంటేనే మనిషిని గుర్తుపెట్టుకుంటారు. వారానికి రెండు గంటలతో మొదలుపెట్టి, పూర్తి రోజుకు, ఆ తర్వాత రాత్రి ఉండటానికి మారే మెట్లను నెలల లెక్కతో ముందే రాసేయాలి. లేకపోతే ప్రతి మెట్టుకూ కొత్త పిటిషనే.

పండగలను సగం సగం పంచకండి. భోగి అమ్మ దగ్గర, సంక్రాంతి నాన్న దగ్గర, కనుమ మళ్ళీ అమ్మ దగ్గర అంటే బిడ్డకు పండగంతా బస్సులోనే. సరి సంవత్సరం ఒకరికి, బేసి సంవత్సరం ఒకరికి అని మూడు రోజులూ కలిపి ఇవ్వండి. దసరా సెలవులను ఆ ఏడు సంక్రాంతి రానివాళ్ళకు పెట్టండి.

తిరుపతి చుట్టుపక్కల ఇంకో తగాదా తరచుగా వస్తుంది, దాన్ని అడ్వకేట్లు కూడా మర్చిపోతుంటారు. బిడ్డను చూడటానికి తీసుకెళ్ళిన రోజున నాయనమ్మ మొక్కు ఉందని కొండకు తీసుకెళ్ళి గుండు చేయించి పంపిస్తారు. లేదా చెవులు కుట్టిస్తారు. పుట్టు వెంట్రుకలు బిడ్డ మేనమామ ఒళ్ళో తీయించాలనుకున్నామని ఇటువైపు భగ్గుమంటారు. ఆ గుండు మీద మొదలైన గొడవతో ఆరు నెలలు విజిటింగ్ ఆగిపోయే పరిస్థితి వస్తుంది. పుట్టు వెంట్రుకలు, చెవులు కుట్టడం, అక్షరాభ్యాసం, ఓణీల ఫంక్షన్ ఎవరి చేతుల మీద జరగాలో, రెండో పక్షానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఒక్క వాక్యం రాయించండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలో, రాష్ట్రం దాటి తీసుకెళ్ళాలంటే ఏం చేయాలో కూడా.

ఎక్కడ అప్పజెప్పాలి

ఇంటి గుమ్మం అన్నిటికన్నా చెడ్డ చోటు. అత్తామామలు, పక్కింటివాళ్ళు, పాత కోపాలు అన్నీ అక్కడే కాచుకుని ఉంటాయి. ఒక మాటకు నాలుగు మాటలై, సాయంత్రానికి రెండు వైపులా కంప్లయింట్లు పడతాయి.

బస్టాండ్ బయటి ఊరి నుంచి వచ్చేవాళ్ళకు వీలుగా కనిపిస్తుంది. తిరుపతి సెంట్రల్ బస్టాండ్‌లో ఒకటికి మించి ప్రాంగణాలున్నాయి, యాత్రికుల రద్దీ ఏ రోజూ తగ్గదు. "బస్టాండ్‌లో" అని మాత్రమే రాసి ఉంటే "నేను వచ్చాను, నువ్వే లేవు" అని ఇద్దరూ నిజాయితీగానే చెప్పగలరు. తప్పదంటే ఏ ప్రాంగణం, ఏ కౌంటర్ పక్కన అన్నది కూడా రాయండి. అలిపిరి, కపిలతీర్థం వైపు చోట్లు పెట్టుకుంటే బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశికి ట్రాఫిక్ మళ్ళిస్తారు కాబట్టి ఆ తేదీలకు వేరే చోటు ముందే అనుకోవాలి. సీసీ కెమెరాలున్న పెద్ద దుకాణం, అలిపిరి దారిలోని రీజినల్ సైన్స్ సెంటర్ టికెట్ కౌంటర్ లాంటివి కాస్త మెరుగు.

స్కూలుకు వెళ్ళే బిడ్డకు స్కూలు గేటును మించింది లేదు. ఒకరు శనివారం పొద్దున దింపుతారు, ఇంకొకరు సాయంత్రం తీసుకెళ్తారు, పెద్దవాళ్ళిద్దరూ ఎదురుపడరు. దీనికి ఆర్డర్ సర్టిఫైడ్ కాపీని హెడ్మాస్టర్‌కు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో పేర్లతో, ఫొటోలతో ఇవ్వాలి. రెసిడెన్షియల్ స్కూలైతే ఇంకాస్త జాగ్రత్త: ఔటింగ్‌కు పేరెంట్ కార్డు ఉన్నవాళ్ళతోనే పంపుతారు, ఆ కార్డు చేర్పించినవాళ్ళ చేతిలో ఉంటుంది. రెండో కార్డు ఇవ్వాలన్న మాట కూడా ఆర్డర్‌లోనే ఉండాలి, లేకపోతే మేనేజ్‌మెంట్ మధ్యలో ఇరుక్కోవడానికి ఒప్పుకోదు.

కోర్టు ప్రాంగణంలో చూపించడం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు, ముఖ్యంగా చాలా కాలం తర్వాత మొదటిసారి చూస్తున్నప్పుడు, లేదా భయం ఉన్నప్పుడు. కోర్టు పని రోజుల్లోనే కాబట్టి బిడ్డకు స్కూలు పోతుంది, ఆడుకోవడానికి ఏమీ ఉండదు. నాలుగైదు సార్లకు మించి అక్కడే కొనసాగకుండా, తర్వాత ఎక్కడన్నది అడిగి రాయించండి.

ఫోన్, వాట్సాప్

బిడ్డ దగ్గర లేని తల్లి లేదా తండ్రి రోజూ ఐదు పది నిమిషాలు ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడగలగాలని సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో చెప్పింది. కోర్టులో అడగడానికి ఇది మంచి ఆధారం. పేచీకోరు మనిషితో రోజూ కాల్ అంటే నెలకు ముప్పై గొడవలకు అవకాశం. వారానికి మూడు రోజులు, రాత్రి ఏడున్నరకు, ఫలానా నంబర్ నుంచి ఫలానా నంబర్‌కు, పది నిమిషాలు అని పెట్టుకోవడమే ఆచరణలో ఎక్కువ కాలం నిలుస్తుంది. పక్కన కూర్చుని "అడుగు, మనోవర్తి ఎప్పుడు పంపిస్తావో అడుగు" అని అందించేవాళ్ళు ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు, అయినా రాయించండి.

పెద్దవాళ్ళ మధ్య మాట ఫోన్‌లో వద్దు, బంధువుల చేత కబురు అసలే వద్దు. వాట్సాప్ లేదా ఈమెయిల్, రాతలోనే. "రేపు 10కి స్కూలు గేటు దగ్గర ఉంటాం. దగ్గు మందు బ్యాగులో ఉంది, రాత్రి భోజనం తర్వాత 5 ఎంఎల్." అంతే. అవతలి నుంచి తిట్లతో కూడిన ఇరవై లైన్లు వస్తే, అందులో బిడ్డకు సంబంధించిన ఒక్క లైనుకే జవాబివ్వండి. జడ్జి ఒకరోజు ఇదంతా చదువుతారన్న ఊహతో టైప్ చేస్తే భాష దానంతటదే చక్కబడుతుంది.

ఈ చాట్లు కోర్టులో పెట్టాలంటే ప్రింటవుట్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల కొత్త చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. 2024 జులై నుంచి ఇదే నిబంధన. ఫోన్ మార్చే ముందు పాత ఫోన్‌ను అలాగే దాచండి. భార్యాభర్తల మధ్య రహస్యంగా చేసిన రికార్డింగ్‌లను వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. దాన్ని పట్టుకుని బిడ్డ చేత "నాన్న దగ్గరికి పోను" అనిపించి వీడియో తీయకండి. నేర్పించిన మాట ఏదో జడ్జిలకు ఇట్టే తెలిసిపోతుంది, దెబ్బ మీకే తగులుతుంది.

తప్పినప్పుడు

అదే రోజు, అదే చోటు నుంచి ఒక మెసేజ్: "10 నుంచి 10.30 దాకా ఉన్నాం, బిడ్డను తీసుకురాలేదు." ఇంటికి వచ్చాక నోటు పుస్తకంలో తేదీ, అనుకున్న వేళ, జరిగిన వేళ, చెప్పిన కారణం. వరసగా రెండు మూడు తప్పితే అడ్వకేట్ నోటీసు, ఆపైన అదే కోర్టులో పిటిషన్. పోయిన రోజులకు బదులు రోజులు అడగండి; శిక్ష అడగడం కన్నా ఇది తొందరగా దొరుకుతుంది. బిడ్డను కోర్టు ముందుకు తెమ్మన్నా తేకపోతే 1890 చట్టం 45వ సెక్షన్ కింద జరిమానా ఉంది, మొదట నూరు రూపాయల వరకు. అప్పటి నూరు రూపాయల విలువ వేరు. ఈ రోజుకు ఎదుటివాళ్ళు భయపడేది అదే సెక్షన్‌లో ఉన్న సివిల్ జైలు మాటకే.

మనోవర్తి ఆపేశాడని బిడ్డను ఆపకండి, బిడ్డను చూపించలేదని మనోవర్తి ఆపకండి. కోర్టు దృష్టిలో రెండూ వేర్వేరు బాధ్యతలు. ఎదుటివాళ్ళ తప్పుకు బదులుగా తామూ తప్పు చేసినవాళ్ళకు ఆ మొదటి తప్పు గురించి అడిగే నోరు ఉండదు.

బిడ్డే "నేను వెళ్ళను" అంటే? చెప్పిన చోటికి తీసుకెళ్ళండి. అక్కడ ఏడిస్తే ఈడ్చి ఇవ్వక్కర్లేదు, "సరేలే నీ ఇష్టం" అని అక్కడికక్కడే వెనక్కీ తిప్పక్కర్లేదు. పదిహేను నిమిషాలు ముగ్గురూ ఉండి చూడండి. అలాగే కొనసాగితే కౌన్సెలర్‌కు చూపించమని కోర్టునే అడగండి. వయసొచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది, అదే సమయంలో ఆ ఇష్టం ఎవరు నూరిపోసిందో కూడా చూస్తుంది.

ఒంటి మీద దెబ్బలు, వెళ్ళొచ్చిన ప్రతిసారీ పక్క తడపడం, ఫలానా మనిషి పేరెత్తితే వణకడం వేరే సంగతి. ముందు డాక్టర్‌కు చూపించి రికార్డు రాయించండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మహిళలకు 181, అత్యవసరమైతే 112. బిడ్డను పదిసార్లు గుచ్చి గుచ్చి అడగకండి, ఒకసారి చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టుకోండి. అదే వారంలో విజిట్‌లను ఆపమనో, ఇంకొకరి సమక్షంలో జరిగేలా మార్చమనో పిటిషన్ వేయండి. ఆర్డర్ ఉండగా పిటిషన్ వేయకుండా మీరే ఆపేస్తే, నిజం మీ వైపు ఉన్నా ఉల్లంఘన మీ ఖాతాలో పడుతుంది.

న్యాయసేవా కమిటీకి గానీ అడ్వకేట్ దగ్గరికి గానీ మొదటిసారి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి: పెళ్ళి ఫొటో లేదా సర్టిఫికెట్, బిడ్డ జనన ధృవీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్ కాపీలు, పాత పెద్దమనుషుల కాగితం ఉంటే అది, ఇప్పటికే నడుస్తున్న కేసుల నంబర్లు. వీటితో పాటు, మీకు కావలసిన విజిటింగ్ షెడ్యూల్‌ను రోజులు, వేళలు, చోటుతో సహా ఒక తెల్ల కాగితం మీద మీరే రాసుకుని వెళ్ళండి. ఖాళీ చేతులతో వెళితే అందరికీ రాసే "పరస్పర అంగీకారంతో" అన్న ఆ పాత వాక్యమే మీ పిటిషన్‌లోకీ వస్తుంది.